బ్యాక్టీరియా వైరస్‌లను ఎలా తట్టుకుంటాయి? తరచుగా అడిగే ప్రశ్నలు

డిగ్రీలో మైక్రోబయాలజీ చదివేవాళ్ల దగ్గర్నుంచి, పేపర్లో క్రిస్పర్ వార్త చూసి ఫోన్ చేసేవాళ్ల దాకా, తిరిగి తిరిగి అవే సందేహాలు అడుగుతున్నారు. అందుకే ఒకచోట చేర్చాను. వైరస్ కణాన్ని తాకినప్పటి నుంచి ఏం జరుగుతుందో ఆ వరసలోనే సర్దాను గానీ, మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు.

## మొదట్లో వచ్చే సందేహాలు

బ్యాక్టీరియాకి కూడా వైరస్ సోకుతుందా? రెండూ ఒకటే కాదా?

ఒకటి కాదు. బ్యాక్టీరియా పూర్తి జీవకణం. తింటుంది, పెరుగుతుంది, రెండుగా చీలుతుంది. వైరస్‌కి సొంత కణం లేదు, ఇంకో కణంలో దూరితేనే దాని సంతతి పెరుగుతుంది. బ్యాక్టీరియాలో దూరే వైరస్‌లను బ్యాక్టీరియోఫేజ్‌లు అంటారు, వాడుకలో ఫేజ్‌లు. 1915లో ఇంగ్లండ్‌లో ఫ్రెడరిక్ ట్వార్ట్, 1917లో ఫ్రాన్స్‌లో ఫెలిక్స్ డెరెల్ వీటి గురించి విడివిడిగా రాశారు. భూమ్మీద ఫేజ్‌ల సంఖ్య 1 పక్కన 31 సున్నాలు పెట్టినంత ఉంటుందని అంచనా. అంటే బ్యాక్టీరియాకి ఇది ఎప్పుడో ఒకసారి వచ్చే ముప్పు కాదు, రోజూ ఉండేదే.

ఫేజ్‌లు మనకి సోకుతాయా?

సోకవు. ఫేజ్ అతుక్కోవడానికి కావలసిన పైపొర అణువులు మన కణాల మీద ఉండవు. చాలా ఫేజ్‌లకు ఒక జాతి బ్యాక్టీరియా, అందులోనూ కొన్ని రకాలు మాత్రమే పనికొస్తాయి. మన పేగుల్లో ఇప్పుడు కూడా కోట్ల కొద్దీ ఫేజ్‌లు ఉన్నాయి, టెన్షన్ పడాల్సిన పని లేదు.

ఒక ఫేజ్ బ్యాక్టీరియాను చంపడానికి ఎంతసేపు పడుతుంది?

మన పేగుల్లో ఉండే ఈ.కోలై అనే బ్యాక్టీరియా మీద బతికే టి4 అనే ఫేజ్‌కి, 37 డిగ్రీల వెచ్చదనంలో, అరగంట కూడా పట్టదు. తోకతో కణానికి అతుక్కుంటుంది, డీఎన్ఏను లోపలికి పంపుతుంది, కణం సొంత పనులు ఆపించి తన ముక్కలు తయారు చేయించుకుంటుంది, చివరికి గోడ పగలగొట్టుకుని వంద దాకా, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ, కొత్త ఫేజ్‌లు బయటికొస్తాయి.

అన్ని ఫేజ్‌లూ ఇంత తొందరపడవు. లాంబ్డా లాంటివి కణాన్ని చంపకుండా దాని డీఎన్ఏలో కలిసిపోయి, తరతరాలు అలాగే ఉండి, కణానికి దెబ్బ తగిలిన రోజు నిద్ర లేస్తాయి.

ఒకే కణం ఉన్న బ్యాక్టీరియాకి ఇమ్యూనిటీ ఏమిటండీ?

మనకున్నట్టు తెల్లరక్తకణాలు ఉండవు నిజమే. కానీ బయటి డీఎన్ఏను గుర్తుపట్టి కోసేసే ఎంజైములు, పాత ఫేజ్‌ల జ్ఞాపకాలు, ఆఖరికి తనను తాను చంపుకునే ఏర్పాట్లు, అన్నీ ఆ ఒక్క కణంలోనే ఉంటాయి. ఇప్పటికి వందకు పైగా రకరకాల రక్షణ వ్యవస్థలు బయటపడ్డాయి. ఒక్కో బ్యాక్టీరియాలో సగటున ఐదుకు పైనే ఉంటాయి.

అందరూ అడిగేది క్రిస్పర్ గురించే, అంటే ఆ పాత ఫేజ్‌ల జ్ఞాపకాలను దాచే వ్యవస్థ గురించి. పేరు దానికొచ్చింది గానీ, అది ఉన్నది నూటికి నలభై బ్యాక్టీరియాలో మాత్రమే. బయటి డీఎన్ఏను కోసే రెస్ట్రిక్షన్ ఎంజైములు దానికి రెట్టింపు చోట్ల కనిపిస్తాయి. రోజువారీ చాకిరీ ఎక్కువగా వాటిదే అని నా లెక్క.

గంగా జలంలో ఫేజ్‌లు ఉంటాయి కాబట్టి తాగితే మంచిదంటారు, నిజమేనా?

ఆగ్రాలో పనిచేసిన ఎర్నెస్ట్ హాంకిన్ అనే ఆంగ్లేయ శాస్త్రవేత్త 1896లో గంగ, యమున నీళ్లలో కలరా క్రిములు చచ్చిపోతున్నాయని, నీటిని మరగబెడితే ఆ గుణం పోతోందని రాశాడు. ఫేజ్‌లు అనే మాటే అప్పటికి లేదు. తర్వాతివాళ్లు అది ఫేజ్‌ల పనే అయ్యుంటుందన్నారు గానీ, ఆయన ప్రయోగం దాన్ని రుజువు చెయ్యలేదు.

గోదావరిలోనూ ఫేజ్‌లుంటాయి, ఊరి మురుగుకాలవలో ఇంకా ఎక్కువ ఉంటాయి. ఫేజ్‌లు ఎక్కువగా ఉన్నాయంటే వాటికి మేత అయిన బ్యాక్టీరియా కూడా అక్కడ దండిగా ఉందనే అర్థం. కాచి తాగండి.

## ఫేజ్ కణం పైపొర దగ్గర ఉన్నప్పుడు

అసలు లోపలికి రానివ్వకుండా ఆపలేదా?

ఆపగలదు, కానీ దానికి మూల్యం చెల్లించాలి. ఫేజ్ అతుక్కునే అణువు ఏదీ ఫేజ్ కోసం పుట్టింది కాదు, బ్యాక్టీరియా సొంత అవసరానికి పెట్టుకున్నది. లాంబ్డా ఫేజ్ అతుక్కునేది మాల్టోజ్ చక్కెరను లోపలికి తీసుకునే ప్రోటీన్‌కి. టి1, టి5 ఫేజ్‌లు అతుక్కునేది ఇనుమును తెచ్చుకునే ప్రోటీన్‌కి. ఆ ప్రోటీన్ చెడిపోయిన కణానికి ఆ ఫేజ్ పట్టదు, కానీ ఆ తిండీ సరిగ్గా అందదు. తిండి పుష్కలంగా ఉన్న ల్యాబ్ గొట్టంలో నడిచిపోతుంది, బయట మట్టిలోనో పేగులోనో కష్టం.

అందుకే మధ్యేమార్గాలు ఉన్నాయి. కొన్ని బ్యాక్టీరియా ఒంటిచుట్టూ చక్కెరల జిగురుపొర కట్టుకుని ఆ అణువులు కనపడకుండా చేస్తాయి. కొన్ని, గుంపులో కొందరిలో ఆ ప్రోటీన్‌ను ఆన్‌లో, కొందరిలో ఆఫ్‌లో ఉంచుతాయి. ఫేజ్ వచ్చి కొందర్ని చంపినా మిగతావాళ్లు మిగులుతారు. ఈ.కోలై లాంటివి తమ పైపొర నుంచి చిన్న చిన్న బుడగలు వదులుతాయి. ఫేజ్ కణమనుకుని బుడగకు అతుక్కుని తన డీఎన్ఏను వృథా చేసుకుంటుంది.

ఫేజ్‌ను చూసి బ్యాక్టీరియా కావాలనే తనను మార్చుకుంటుందా?

పైపొర మార్పుల విషయంలో అయితే కాదు. ఈ ప్రశ్నను తేల్చిన ప్రయోగం 1943 నాటిది, సాల్వడార్ లూరియా, మాక్స్ డెల్‌బ్రుక్ చేసింది. ఈ.కోలైని చాలా గొట్టాల్లో విడివిడిగా పెంచి, ఒక్కో గొట్టంలోని కణాలను టి1 ఫేజ్ నింపిన ప్లేటు మీద పరిచారు. ఫేజ్‌ను చూశాకే కణాలు మారుతున్నట్టయితే, ప్రతి ప్లేటు మీదా ఇంచుమించు ఒకే సంఖ్యలో కణాలు బతకాలి. వాళ్లు ప్రచురించిన ఒక లెక్క చూడండి. 20 గొట్టాల్లో 11 గొట్టాల నుంచి ఒక్క కాలనీ (బతికిన ఒక కణం నుంచి పెరిగిన గుంపు) కూడా రాలేదు. ఒకదాని నుంచి 107, ఇంకోదాని నుంచి 64 వచ్చాయి.

అంటే మార్పు ఫేజ్ రాకముందే, గొట్టంలో పెరుగుతుండగానే, యాదృచ్ఛికంగా జరిగింది. తొందరగా జరిగిన గొట్టంలో దాని సంతతి వందకు చేరింది, జరగని గొట్టం ఖాళీ. క్లాసులో సూత్రాలతో మొదలుపెట్టకుండా ముందు ఈ అంకెల వరసను బోర్డు మీద రాస్తే పిల్లలకు వెంటనే అర్థమవుతుందని నా నమ్మకం.

ఎదురుపడ్డాక నేర్చుకోవడం బ్యాక్టీరియాలో లేకపోలేదు. క్రిస్పర్ చేసేది అదే.

## డీఎన్ఏ లోపలికి వచ్చాక

రెస్ట్రిక్షన్ ఎంజైమ్ ఫేజ్‌ను ఎలా గుర్తుపడుతుంది?

నిజానికి అది ఫేజ్‌ను గుర్తుపట్టదు. డీఎన్ఏలో ఒక చిన్న అక్షరాల వరసను గుర్తుపడుతుంది. ఇంటర్ సెకండియర్ బాటనీలో చదివిన ఈకో ఆర్ వన్‌నే తీసుకుంటే, దానికి కావలసింది జి-ఎ-ఎ-టి-టి-సి. రెండు పోగుల్లోనూ ఎదురెదురు దిశల్లో ఇదే వరస వస్తుంది కాబట్టి, రెండు పోగులనూ జి, ఎ ల మధ్య కోస్తుంది. ఆరు అక్షరాల వరస లెక్కప్రకారం సగటున 4,096 అక్షరాలకు ఒకసారి తగులుతుంది. యాభై వేల అక్షరాల ఫేజ్ డీఎన్ఏ అయితే పదీ పన్నెండు చోట్ల తెగే అవకాశం ఉంది. ఒక్కచోట తెగినా ఫేజ్ పని అయిపోయినట్టే.

పాఠ్యపుస్తకంలో దీన్ని డీఎన్ఏ కోసే పనిముట్టుగా చెప్పి వదిలేస్తారు. ఆ పనిముట్టు బ్యాక్టీరియాకు ఎందుకున్నదో కూడా ఒక పేరా రాస్తే బాగుండేది.

మరి తన డీఎన్ఏను తానే ఎందుకు కోసుకోదు?

ఈకో ఆర్ వన్ లాంటి రెస్ట్రిక్షన్ ఎంజైమ్‌కు జతగా ఇంకో ఎంజైమ్ ఉంటుంది. అది సొంత డీఎన్ఏలో అదే వరస కనిపించిన ప్రతిచోటా ఒక మిథైల్ గుంపును తగిలిస్తుంది. ఆ గుర్తు ఉన్నచోట కోత పడదు.

చురుకైన విద్యార్థులు ఇక్కడ ఇంకో మెలిక పెడతారు: డీఎన్ఏ నకలు తయారైనప్పుడు కొత్త పోగుకు గుర్తు ఉండదు కదా, అప్పుడు? అప్పుడు కూడా పాత పోగు మీద గుర్తు ఉంటుంది. ఒక పోగు మీద ఉన్నా కోత ఆగిపోతుంది, ఈలోగా కొత్త పోగుకూ గుర్తు పడుతుంది. ఫేజ్ డీఎన్ఏకు రెండు పోగుల మీదా ఉండదు.

ఇదంతా ఎలా బయటపడింది?

ఫేజ్‌ల విచిత్ర ప్రవర్తన వల్ల. 1950ల మొదట్లో లూరియా, మేరీ హ్యూమన్ ఒక జంటగా, గియుసెప్పె బెర్టానీ, జీన్ వైగల్ ఇంకో జంటగా ఒకేరకం సంగతి గమనించారు. ఒక రకం ఈ.కోలైలో పెరిగిన ఫేజ్‌ను ఇంకో రకం మీద వేస్తే వేలల్లో ఒకటి మాత్రమే బతుకుతోంది. అలా బతికినదాని సంతతి ఆ కొత్త రకంలో హాయిగా పెరుగుతోంది. మళ్లీ పాత రకంలో ఒక్కసారి పెంచి తెస్తే ఆ నేర్పు పోతోంది. మ్యుటేషన్ అయితే ఇంత తేలిగ్గా పోదు.

జెనీవాలో వెర్నర్ ఆర్బర్, డైసీ డుస్వా 1962లో దీని గుట్టు డీఎన్ఏలోనే ఉందని చూపారు: ఫేజ్ ఏ కణంలో పుడితే ఆ కణం గుర్తు దాని డీఎన్ఏ మీద పడుతోంది. 1970లో హామిల్టన్ స్మిత్ బృందం కచ్చితమైన వరస దగ్గర కోసే ఎంజైమ్‌ను విడదీసింది. 1971లో డేనియల్ నేథన్స్, క్యాథ్లీన్ డాన్నా దానితో ఒక కోతి వైరస్ డీఎన్ఏను ముక్కలు చేసి చూపారు. ఆర్బర్, నేథన్స్, స్మిత్‌లకు 1978లో నోబెల్ వచ్చింది.

ఫేజ్‌లు ఈ ఎంజైములను ఎలా తప్పించుకుంటాయి?

చాలా రకాలుగా. టి7 ఫేజ్ డీఎన్ఏలో దాదాపు 40 వేల అక్షరాలున్నా ఈకో ఆర్ వన్ కోరే వరస ఒక్కటీ లేదు. ఇంకో తరగతి రెస్ట్రిక్షన్ ఎంజైములను ఆపడానికి అదే టి7 లోపలికి రాగానే ఓసీఆర్ అనే ప్రోటీన్ తయారు చేయిస్తుంది. దాని ఆకారం, విద్యుదావేశం అచ్చం డీఎన్ఏ ముక్కలాగే ఉండడంతో ఎంజైమ్ దాన్ని పట్టుకుని కూర్చుంటుంది.

టి4 ఇంకో అడుగు ముందుకేసింది. తన డీఎన్ఏలో సి అక్షరం బదులు మార్చిన సి వాడుతుంది, దానిపైన గ్లూకోజ్ కూడా తగిలిస్తుంది. మామూలు రెస్ట్రిక్షన్ ఎంజైములు ఆ డీఎన్ఏను పట్టలేవు. దానికీ విరుగుడుగా, సరిగ్గా గ్లూకోజ్ తగిలించిన డీఎన్ఏనే కోసే ఎంజైములు కొన్ని ఈ.కోలైలలో వచ్చాయి. వాటిని ఆపడానికి టి4 తన డీఎన్ఏతో పాటు ఒక చిన్న ప్రోటీన్‌ను కూడా లోపలికి పంపుతుంది.

## క్రిస్పర్ గురించి

క్రిస్పర్ అంటే జీన్ ఎడిటింగ్ కదా, బ్యాక్టీరియాకి దానితో పనేమిటి?

ఎడిటింగ్ మనం దానికి అప్పజెప్పిన పని. బ్యాక్టీరియాలో అది పాత ఫేజ్‌ల రికార్డు. పోలీస్ స్టేషన్లో రౌడీషీట్ లాంటిదనుకోండి: గతంలో దాడిచేసిన ఫేజ్‌ల డీఎన్ఏలోంచి 30 అక్షరాల చొప్పున తీసిన ముక్కలు వరసగా ఉంటాయి. ముక్కకూ ముక్కకూ మధ్య ఒకే రకమైన వరస మళ్లీ మళ్లీ వస్తుంది. ఈ ముక్కల నుంచి చిన్న ఆర్ఎన్ఏలు తయారై క్యాస్ అనే ప్రోటీన్‌లతో కలిసి కణమంతా తిరుగుతాయి. సరిపోలిన డీఎన్ఏ కనపడితే కోసేస్తాయి. కొన్ని రకాల క్యాస్‌లు డీఎన్ఏను వదిలి ఆర్ఎన్ఏను కోస్తాయి.

ఏ వరసను కోయాలో ఆర్ఎన్ఏ ముక్కను మార్చి మనమే నిర్ణయించవచ్చని 2012లో ఎమాన్యుయెల్ షార్పెంటియర్, జెన్నిఫర్ డౌడ్నా బృందాలు చూపాయి. 2020 కెమిస్ట్రీ నోబెల్ వాళ్లిద్దరికే.

ఇది వైరస్‌ల రికార్డు అని ఎవరికి తట్టింది?

1987లో జపాన్‌లోని ఒసాకాలో యోషిజుమి ఇషినో బృందం ఈ.కోలైలో ఒక జన్యువును చదువుతుంటే పక్కన ఈ వింత వరసలు తగిలాయి. వాటికి అర్థం వాళ్లకు తెలియలేదు. స్పెయిన్‌లో ఫ్రాన్సిస్కో మోహికా ఉప్పు మడుగుల్లో బతికే సూక్ష్మజీవుల్లో అలాంటివే చూసి, ఏళ్ల తరబడి వదల్లేదు. మధ్యలో ఉన్న ముక్కలు ఫేజ్‌లవీ, ప్లాస్మిడ్‌లవీ (కణం నుంచి కణానికి పాకే చిన్న డీఎన్ఏలవీ) అని 2005లో ఆయనా, ఇంకో రెండు బృందాలూ విడివిడిగా ప్రకటించారు.

రుజువు మాత్రం పెరుగు బ్యాక్టీరియా నుంచి వచ్చింది. డానిస్కో కంపెనీలో రొడాల్ఫ్ బరాంగూ, ఫిలిప్ హోర్వాత్ బృందం స్ట్రెప్టోకోకస్ థెర్మోఫిలస్ మీదికి ఫేజ్‌లను వదిలి, బతికినవాటిలో ఆ ఫేజ్ ముక్కలు కొత్తగా చేరడం 2007లో చూపింది. ముక్క తీసేస్తే రక్షణ పోయింది, పెడితే వచ్చింది.

ఫేజ్ అరగంటలో చంపేస్తుంటే కొత్త ముక్క దాచుకునే టైమ్ ఎక్కడిది?

చాలావాటికి ఉండదు, చచ్చిపోతాయి. ముక్క దాచుకుని బతికేవి అతి కొద్ది. బ్యాక్టీరియా కోట్లలో ఉంటుంది కాబట్టి ఆ కొద్దీ చాలు, మర్నాటికి వాటి సంతతే నిండిపోతుంది.

ఇంకో సంగతి ఉంది. అన్ని ఫేజ్‌లూ ఆరోగ్యంగా ఉండవు. దెబ్బతిన్న డీఎన్ఏను లోపలికి పంపి చతికిలబడేవి ఉంటాయి. అలాంటివి తగిలిన కణాలకే ముక్క తీసుకునే తీరిక ఎక్కువ దొరుకుతుందని, అల్ట్రావయొలెట్ కాంతితో పాడుచేసిన ఫేజ్‌లు కలిపి చేసిన ప్రయోగాల్లో తేలింది. మన టీకాల్లో చచ్చిన క్రిములను ఎందుకు వాడతారో తెలిసినవాళ్లకు ఇది వింతగా అనిపించదు.

ఫేజ్ ముక్క తన డీఎన్ఏలోనే ఉన్నప్పుడు, క్యాస్ దాన్నే కోసెయ్యదా?

కొయ్యదు. ముక్క సరిపోలితే సరిపోదు, దాని పక్కనే ఫేజ్‌లో ఉండే రెండు మూడు అక్షరాల గుర్తు కూడా ఉండాలి. దీన్ని ప్యామ్ అంటారు. అందరూ వాడే క్యాస్9కి అది ఏదో ఒక అక్షరం, తర్వాత రెండు జిలు. ముక్కను దాచుకునేటప్పుడు కణం ఆ గుర్తును వదిలేసి తీసుకుంటుంది కాబట్టి రికార్డులో పక్కన ప్యామ్ ఉండదు.

ఫేజ్‌లో ఒక్క అక్షరం మారితే క్రిస్పర్ పనికిరాకుండా పోతుందా?

సరైన చోట మారితే పోతుంది, ముఖ్యంగా ప్యామ్‌లో గానీ దాని పక్కనే ఉన్న అక్షరాల్లో గానీ. అందుకే ఒక్క ముక్క మీద ఆధారపడ్డ కణం ప్రమాదంలో ఉన్నట్టే. గుంపులో ఒక్కొక్క కణం ఒక్కొక్క ముక్క దాచుకుని ఉంటే ఫేజ్ అన్నిటికీ సరిపడా ఒకేసారి మారలేదు.

తల్లి కణం నేర్చుకున్నది పిల్ల కణాలకు వస్తుందా?

వస్తుంది. ముక్క చేరేది డీఎన్ఏలోనే కాబట్టి చీలిన ప్రతి కణానికీ అందుతుంది. మన టీకా మన పిల్లలకు అలా రాదు.

ఇంత మంచిదైతే అన్ని బ్యాక్టీరియాలో ఎందుకు లేదు?

మంచిదే గానీ ఖరీదైనది. పొరపాటున సొంత డీఎన్ఏ ముక్కను రికార్డులోకి ఎక్కిస్తే కణం తనను తానే కోసుకుంటుంది. పైగా బయట నుంచి వచ్చే డీఎన్ఏలో పనికొచ్చే జన్యువులూ ఉంటాయి, వాటినీ అడ్డుకుంటుంది. ఫేజ్‌లు రోజుకో కొత్తరకం వచ్చే చోట పాత రికార్డు పెద్దగా అక్కరకు రాదు కూడా. అలాంటి చోట్ల పైపొర మార్చుకోవడమే చవక.

## ఇక బతికే దారి లేనప్పుడు

బ్యాక్టీరియా ఆత్మహత్య చేసుకుంటుందని చదివాను. చచ్చాక లాభం ఎవరికి?

పక్కనున్న తోబుట్టువులకు. ఫేజ్ పూర్తిగా తయారుకాకముందే కణం చచ్చిపోతే, రావలసిన వంద ఫేజ్‌లు రావు. చుట్టూ ఉన్నవి అదే కణం నుంచి చీలినవి, అవే జన్యువులున్నవి. కాబట్టి ఆ చావును కలిగించిన జన్యువు వాటిలో బతుకుతుంది. ఒంటరిగా కొట్టుకుపోయే కణానికి ఈ ఏర్పాటు దండగ, గుంపుగా అతుక్కుని బతికేవాటికి బాగా పనికొస్తుంది. అన్నిసార్లూ చావే కాదు, కొన్ని వ్యవస్థలు కణాన్ని మొద్దునిద్రలోకి పంపి ఊరుకుంటాయి.

"ఇక లాభం లేదు" అని కణానికి ఎలా తెలుస్తుంది?

ఫేజ్ చేసే పనులనే అది కనిపెట్టి ఉంటుంది. నాకు బాగా నచ్చిన ఉదాహరణ రెట్రాన్. 1984లో మసయోరి ఇనౌయె బృందం మట్టిలోని ఒక బ్యాక్టీరియాలో ఆర్ఎన్ఏ, డీఎన్ఏ అతుక్కుని ఉన్న వింత అణువును చూసింది. అది ఎందుకుందో 2020 దాకా ఎవరికీ తెలియలేదు.

ఈ.కోలైలో ఆర్ఈసీబీసీడీ అనే యంత్రం ఉంటుంది, తెగిన డీఎన్ఏ కొసలను నమిలేస్తుంది. చాలా ఫేజ్‌లు రాగానే ముందు దాన్ని ఆపేస్తాయి. ఒక రకం రెట్రాన్ ఆ యంత్రాన్నే గమనిస్తూ ఉంటుంది. యంత్రం ఆగిందంటే ఫేజ్ వచ్చిందని లెక్క, వెంటనే కణం పైపొరకు చిల్లుపడి చచ్చిపోతుంది. ఫేజ్ చిక్కులో పడింది: యంత్రాన్ని ఆపకపోతే తన డీఎన్ఏ పోతుంది, ఆపితే కణమే పోతుంది.

బ్యాక్టీరియా ఇమ్యూనిటీకి, మన ఇమ్యూనిటీకి చుట్టరికం ఉందా?

ఉంది. మన కణాల్లో ఉండకూడని చోట డీఎన్ఏ కనపడితే సీజీఏఎస్ అనే ఎంజైమ్ ఒక చిన్న అణువును తయారుచేసి స్టింగ్ అనే ప్రోటీన్‌ను లేపుతుంది. ఇదే జంట బ్యాక్టీరియాలో ఫేజ్‌ల మీద పనిచేస్తోందని 2019 నుంచి వరసగా బయటపడుతోంది. కణానికి చిల్లు పెట్టే గ్యాస్‌డెర్మిన్‌లు, వైరస్ నకళ్లను ఆపే వైపెరిన్‌లు కూడా రెండు చోట్లా ఉన్నాయి.

ఈ వ్యవస్థలకు దేవతల పేర్లు ఎందుకు పెట్టారు?

రక్షణ జన్యువులు డీఎన్ఏలో పక్కపక్కనే గుంపులుగా ఉంటాయి. ఇజ్రాయెల్‌లోని వైజ్‌మాన్ సంస్థలో రోటెం సోరెక్ బృందం తెలిసిన జన్యువుల పక్కిళ్లలో వెతికి 2018లో ఒకేసారి పది కొత్త వ్యవస్థలు ప్రకటించింది. వాటికి రక్షకదేవతల, రక్షకభూతాల పేర్లు పెట్టారు: ఈజిప్టు నుంచి వాజెట్, థోరిస్, జపాన్ నుంచి హచిమన్, స్లావుల నుంచి జోర్యా. పొలిమేర కాసే మన పోలేరమ్మ ఆ పదింటిలో లేదు.

## ఫేజ్ తిరగబడినప్పుడు

క్రిస్పర్‌కు ఫేజ్ దగ్గర మందు ఉందా?

ఉంది. కెనడాలో జో బాండీ-డెనోమీ, అలన్ డేవిడ్సన్ బృందం 2013లో సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా మీద బతికే ఫేజ్‌లలో క్రిస్పర్‌ను ఆపే ప్రోటీన్‌లను కనిపెట్టింది. అవి క్యాస్‌కు అతుక్కుని డీఎన్ఏను పట్టుకోనివ్వవు. కొన్ని పెద్ద ఫేజ్‌లు ఇంకా తెలివైనవి. కణంలో తమ డీఎన్ఏ చుట్టూ ప్రోటీన్ గోడ కట్టి గదిలా చేసుకుంటాయి. డీఎన్ఏను కోసే క్యాస్ ఆ గదిలోకి పోలేదు. ఫేజ్ పనులు చేసే ఆర్ఎన్ఏ బయటికి రాక తప్పదు కాబట్టి, ఆర్ఎన్ఏను కోసే క్యాస్13కి మాత్రం అవి దొరికిపోతాయి.

ఫేజ్ దగ్గరే క్రిస్పర్ ఉందన్నారు, అదెలా?

బంగ్లాదేశ్‌లో కలరా రోగుల మలంలో దొరికిన ఐసీపీ1 ఫేజ్ కథ ఇది. కలరా బ్యాక్టీరియాలో పీఎల్ఈ అనే డీఎన్ఏ ఖండం ఉంటుంది. ఐసీపీ1 లోపలికి రాగానే పీఎల్ఈ లేచి, ఫేజ్ తలల్లో తన డీఎన్ఏను సర్దుకుని బయటపడుతుంది. కణం చస్తుంది, కానీ బయటికొచ్చేవి ఫేజ్‌లు కావు, పీఎల్ఈలు. పక్క కణాలు బతికిపోతాయి. దీనికి జవాబుగా ఐసీపీ1 సొంతంగా క్రిస్పర్‌ను, అందులో పీఎల్ఈ ముక్కలను మోసుకొస్తుందని 2013లో తేలింది. అంటే బ్యాక్టీరియా రక్షణను ఫేజ్ బ్యాక్టీరియా మీదే వాడుతోంది.

కలరా గురించే ఇంకో మాట. ఈ జబ్బు తెచ్చే విషాన్ని 1959లో కలకత్తాలో శంభునాథ్ దే కనిపెట్టాడు. ఆ విషానికి కారణమైన జన్యువులు ఒక ఫేజ్ తెచ్చిపెట్టినవని 1996లో బయటపడింది. లోపలికొచ్చిన ఫేజ్ అన్నివేళలా బ్యాక్టీరియాకు నష్టం కాదు. ఈసారి నష్టం మనకు.

## ప్లాస్మిడ్‌లు, యాంటీబయాటిక్ రెసిస్టెన్స్

బయటి డీఎన్ఏ అంటే వైరస్ ఒక్కటేనా?

కాదు. ప్లాస్మిడ్‌లు కూడా ఉన్నాయి. ఇవి చిన్న గుండ్రటి డీఎన్ఏలు, కణం నుంచి కణానికి పాకుతాయి, కొన్ని యాంటీబయాటిక్‌లను తట్టుకునే జన్యువులు మోస్తాయి. మందు ఉన్నచోట ప్లాస్మిడ్ వరం, లేనిచోట బరువు. క్రిస్పర్ ప్లాస్మిడ్‌లనూ ఆపుతుందని 2008లో లూసియానో మారాఫీనీ, ఎరిక్ సాంథైమర్ స్టాఫిలోకోకస్‌లో చూపారు. వాజెట్ వ్యవస్థ గుండ్రంగా ఉన్న చిన్న డీఎన్ఏను పట్టుకుని కోస్తుంది. ఈ.కోలై, సాల్మొనెల్లాలలో హెచ్-ఎన్ఎస్ అనే ప్రోటీన్ ఏదీ కొయ్యదు. ఎ, టి అక్షరాలు ఎక్కువగా ఉన్న బయటి డీఎన్ఏ మీద కూర్చుని దాని జన్యువులను పలకనివ్వదు, అంతే.

ప్లాస్మిడ్ బరువైతే కణం దాన్ని వదిలేసుకోవచ్చుగా?

కొన్ని ప్లాస్మిడ్‌లు వదలనివ్వవు. ఈ.కోలైలోని ఎఫ్ ప్లాస్మిడ్ ఒక విషాన్నీ దాని విరుగుడునూ తయారు చేయిస్తుంది. విరుగుడు తొందరగా కరిగిపోతుంది, విషం నిలిచి ఉంటుంది. ప్లాస్మిడ్ అందని పిల్ల కణంలో విరుగుడు అయిపోగానే విషం పనిచేస్తుంది.

బ్యాక్టీరియా రక్షణ గట్టిగా ఉంటే రెసిస్టెన్స్ తగ్గాలి కదా?

కొన్నిచోట్ల అలాగే కనిపిస్తుంది. ఆసుపత్రుల్లో పలు మందులకు లొంగని ఎంటెరోకోకస్ అనే బ్యాక్టీరియాలలో క్రిస్పర్ తరచూ లేదని 2010లో గమనించారు. తలుపు తీసి ఉంచినవాటిలోకి రెసిస్టెన్స్ జన్యువులు వచ్చి చేరాయన్నమాట.

కానీ దీన్ని అన్నిటికీ సూత్రంగా పట్టుకోవద్దు. 1992లో మద్రాసులో బయటపడ్డ ఓ139 రకం కలరా బ్యాక్టీరియాలో ఎస్ఎక్స్‌టీ అనే కదిలే డీఎన్ఏ ఖండం దొరికింది. పలు యాంటీబయాటిక్‌లను తట్టుకునే జన్యువులు అందులో ఉన్నాయి. ఈ కుటుంబపు ఖండాలే ఫేజ్‌లను ఆపే జన్యువులనూ మోస్తున్నాయని 2021లో తేలింది. ఫేజ్‌ల భయంతో ఖండాన్ని ఉంచుకున్న కణానికి మందులను తట్టుకునే శక్తి ఉచితంగా వస్తుంది.

## మన పనులకు సంబంధించినవి

యాంటీబయాటిక్ బదులు ఫేజ్‌లు వాడితే బ్యాక్టీరియా వాటికీ అలవాటు పడదా?

పడుతుంది. జార్జియాలోని టిబిలిసిలో 1923 నుంచి ఉన్న ఎలియావా సంస్థ ఇన్నేళ్లుగా ఒకే ఫేజ్ కాకుండా మిశ్రమాలు వాడడానికి, వాటిని మార్చుకుంటూ పోవడానికి ఇదే కారణం. కొందరు ఆ అలవాటునే వాడుకుంటున్నారు. సూడోమోనాస్ బ్యాక్టీరియా యాంటీబయాటిక్‌ను బయటికి తోసేసే పంపులకు అతుక్కునే ఫేజ్ ఒకటి ఉంది. దాన్నుంచి తప్పించుకోవాలంటే పంపును పాడుచేసుకోవాలి, అప్పుడు మందు మళ్లీ పనిచేస్తుంది. ఇదంతా ఆసుపత్రిలో నిపుణుల చేతుల్లో జరగాల్సిన వైద్యం. నెట్‌లో చూసి సీసా తెప్పించుకుని తాగే వ్యవహారం కాదు.

ఇంట్లో పెరుగు తోడుకోకపోతే ఫేజ్‌లే కారణమా?

సాధారణంగా కాదు. పాలు మరీ వేడిగా ఉన్నప్పుడు తోడు వేశారా, చలికాలం గిన్నె వెచ్చగా లేదా, తోడు బాగా పాతదా, ముందు ఇవి చూసుకోండి. పెద్ద డెయిరీల్లో, చీజ్ ఫ్యాక్టరీల్లో మాత్రం ఫేజ్‌లు నిజమైన బెడద. అక్కడ ఒకటి రెండు ఎంపిక చేసిన రకాలనే టన్నుల పాలలో పెంచుతారు, ఫేజ్ పడితే బ్యాచ్ మొత్తం పోతుంది. ఇంటి తోడులో రకరకాల బ్యాక్టీరియా కలగలిసి ఉంటాయి. ఒక రకం ఫేజ్‌కు బలైనా ఇంకోటి పాలను పులియబెడుతుంది.

క్రిస్పర్ వరి వచ్చిందట, అందులో బ్యాక్టీరియా జన్యువు ఉంటుందా?

2025 మేలో కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన రెండు వరి రకాల గురించే మీరు అడుగుతున్నది. రెండింటికీ మూలం మన వంగడాలే. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని భారతీయ వరి పరిశోధన సంస్థ సాంబ మసూరి నుంచి డీఆర్ఆర్ ధాన్ 100ను తయారు చేసింది, దీనికే కమల అని పేరు. కాటన్‌దొర సన్నాల నుంచి తయారైనది పూసా డీఎస్‌టీ రైస్ 1.

వీటిలో మొక్క సొంత జన్యువులోనే చిన్న మార్పు చేశారు. కమల విషయంలో గింజల సంఖ్యను అదుపులో పెట్టే జన్యువును మార్చారు. సాంబ మసూరి కంటే ఇరవై రోజుల ముందే కోతకు వస్తుందని సంస్థ చెబుతోంది. క్యాస్ జన్యువు పని పూర్తయ్యేదాకా మొక్కలో ఉంటుంది. తర్వాతి తరాల్లో అది లేని మొక్కలను ఏరి విత్తనంగా తీసుకుంటారు, కాబట్టి పొలానికి వచ్చే విత్తనంలో బ్యాక్టీరియా జన్యువు ఉండదు.